బాలమ్మ గదికి రెండు పచ్చలు

1977. ఛత్రినాకలో పెయింటర్‌గా నాకు కాస్త పేరొచ్చిన రోజులు. బోనాల ముందు ఇల్లిల్లూ తెల్లసున్నం కొట్టించుకుంటుంటే, మా గల్లీ చివర ఉండే బస్ మెకానిక్ నర్సింగ్ వచ్చి తల్లి గదికి ముదురు రంగు వేయమన్నాడు. ఇదేం సరదా అని నవ్వుకున్నాను.

సంగతి విన్నాక నవ్వు పోయింది. తల్లి బాలమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. బాగా కనిపించాలని కొడుకే ముచ్చటపడి గదికి నీలిమందు కలిపిన సున్నం కొట్టించాడు. ఆ తెలుపు మీద వెలుగు పడితే చాలు, ఆమె కళ్లు చెదిరి నీళ్లు కారేవి. కిటికీ మూస్తే ఉక్క. కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చునేది. ఆపరేషన్ చెడిందని, ఇక చూపు రాదని నమ్మేసింది పాపం.

రంగుల నమూనాలున్న షేడ్ కార్డు చూపిస్తే నర్సింగ్ రెండు రంగుల దగ్గర ఆగాడు. మెహందీ గ్రీన్, బాటిల్ గ్రీన్. మొదటిదాంట్లో కాస్త గోధుమ ఛాయ, రెండోదాంట్లో నీలం. ఆ గదిలో నా కంటికి రెండూ ఒకటే. అందుకే ప్యాచ్ వేశాను, అంటే గోడ మీద కొంత మేర వేసి ఆరాక చూసుకోవడం. మెరుపు లేని ఫ్లాట్ పెయింట్‌తో తలుపంత వెడల్పున రెండూ పక్కపక్కనే వేశాను.

మర్నాడు బాలమ్మ మెల్లగా కొంగు తీసింది. ఒకటి మట్టి లెక్క ఉందనీ, ఇంకోటి నీలమనీ అంది.

"రెండూ పచ్చనే కదనే అవ్వా" అన్నాడు నర్సింగ్. ఆపరేషన్ నిజంగానే చెడిందేమోనని అతని ముఖం వాడిపోయింది.

చూపించబోయి మెహందీ ముందు నిలబడ్డాడు. ఖాకీ బట్టలు, చామనఛాయ.

"యాడున్నవ్ రా?" అంది ఆమె.

నర్సింగ్ రెండో ప్యాచ్ ముందుకు జరిగాడు.

"ఆగు, కదలకు" అంది బాలమ్మ. మందపాటి అద్దాలు సర్దుకుని చాలాసేపు చూసింది. "గడ్డం ఎప్పుడు నెరిసింది కొడుకా నీకు?"

అంత మనిషీ గోడకు చేరగిలబడి ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

గది మొత్తం బాటిల్ గ్రీన్ వేశాను. పండుగనాడు వచ్చినవాళ్లు పొగపట్టిన వంటింట్లా ఉందని మూతి విరిచారు. బాలమ్మ మాత్రం కొంగు తీసేసి, ఒక్కొక్కరినే గోడ ముందు నిలబెట్టి తనివితీరా చూసుకుంది. అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా, షేడ్ కార్డు తీసే ముందు ఆ గదిలో ఎవరు కూర్చుంటారని అడుగుతాను.