మొహం చూసే డాక్టరమ్మ

గుడివాడలోని ఆ పశువుల డాక్టరమ్మ కుక్క కాలివేలు నొక్కేటప్పుడు కాలి వైపు చూసేవారు కాదు. దాని మొహం వైపే చూసేవారు.

బందరులో మా కుక్క వెనక కాళ్లు ఈడ్చడం మొదలుపెట్టగానే, పక్కింటి బాబాయి కొట్టాడని తేల్చేశాను. ఆయన ఎండబెట్టే చేపల జోలికి అది రోజూ వెళ్లేది. వీధిలో అందరి ముందూ నిలదీశాను. "నేను ముట్టుకోలేదు అబ్బాయ్. ముందు కుక్కని నా ఆటోలో ఎక్కించు" అన్నాడాయన. గుడివాడ దాకా తనే నడిపాడు. ఆస్పత్రిలో దాని తల ఆయన ఒడిలోనే ఉంది.

డాక్టరమ్మ ఎక్స్‌రే, మలపరీక్ష రెండూ చూశారు. "దెబ్బ కాదండీ. పేడపురుగుల్ని తింటే కడుపులో చేరే నులిపురుగు ఒకటుంది. దాని పిల్ల దారి తప్పి వెన్నులోకి వెళ్లినట్టుంది" అన్నారు.

తర్వాత వెనక కాలివేలు నొక్కారు. కాలు ముడుచుకుంది.

"కదిలిందండీ" అన్నాను ఆశగా.

"వెన్ను పాడైనా కాలు దానంతటదే ముడుచుకుంటుంది. నొప్పి కుక్కకి తెలియాలి."

ఈసారి గట్టిగా నొక్కారు. కుక్క తల తిప్పి ఆవిడ మీద గుర్రుమంది. ఆవిడ నవ్వారు.

"బాగా తిట్టింది. మందు మొదలుపెడదాం. కాస్త వంకరగానైనా నడుస్తుంది."

మందుల చీటీ రాసి బాబాయి చేతికిచ్చారు. "కుక్క మీదే కదండీ?"

ఆయన నా వైపు చూశాడు. నాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.