మా యారాలికి కొడుకన్నారు

గట్టు దగ్గరి ఊళ్ళో మా అత్తగారింట్లో నేను పెద్ద కోడలిని. ఆ ఏడాది నేనూ, మా మరిది భార్య అయిన యారాలూ నెల తేడాతో కడుపుతో ఉన్నాం. ఆమెకు ముందు నెల, నాకు తర్వాతి నెల.

దవాఖానలో స్కానింగ్ చేసినా ఆడో మగో చెప్పరు. మా అత్తకు అంత ఓపిక లేదు. ఊళ్ళో ఎన్నో కాన్పులు చేసిన వాళ్ళక్కను పిలిపించింది. ఆమె మా ఇద్దరినీ కింద కూర్చోబెట్టి లేవమంది. యారాలు కుడిచెయ్యి నేలకు ఆనించి లేచింది. నేను ఎడమచెయ్యి ఆనించాను.

“దీనికి కొడుకు. నీకు బిడ్డనే అయితది,” అన్నది నాతో.

ఆ రోజు నుంచి జొన్నరొట్టె మీద నెయ్యి యారాలికే. “నువ్వు జర కూసో, బరువులెత్తకు,” అనేది అత్త ఆమెతో. పత్తి చేనుకు మాత్రం నన్ను పొమ్మనేది. నిజానికి నాకు ఆడపిల్లంటేనే ఇష్టం. అయినా ఆ నెయ్యి చూస్తే ఒళ్ళు మండేది. గదిలో తలుపేసుకుని కుడిచెయ్యి ఆనించి లేవడం నేర్చుకున్నాను. ఒకరోజు అత్త ఎదుట అలాగే లేచాను. బియ్యం ఏరుకుంటున్న అత్త తలెత్తలేదు. యారాలు మాత్రం చూసి నవ్వింది.

“ఇప్పుడు చెయ్యి మారిస్తే ఏం ఫాయిదా అక్కా?”

ఆ మాటను చాలా రోజులు మరిచిపోలేదు.

గద్వాల దవాఖానలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. అత్తకు ఫోన్ వచ్చినప్పుడు నేను పొయ్యి ముందున్నాను. గోడవైపు తిరిగి నవ్వుకున్నాను. చూడ్డానికి వెళితే ఆమె కళ్ళు ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

“ఏడ్వకు చెల్లే, బిడ్డ బంగారమున్నట్టున్నది,” అన్నాను. పాప నిజంగానే అందంగా ఉంది. నా సంతోషం పాప కోసం మాత్రం కాదు.

“మా అక్క తప్పు చెప్పింది. గట్లయితే కొడుకు నీకే,” అని ఇంటికొచ్చాక అత్త నెయ్యి గిన్నె నా వైపు జరిపింది. సిగ్గులేకుండా తిన్నాను.

నాకూ ఆడపిల్లే పుట్టింది. యారాలు తన పాపను ఎత్తుకుని చూడ్డానికొచ్చింది. నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

“నవ్వు చెల్లే. నీకు పుట్టినప్పుడు నేను గూడ నవ్విన,” అన్నాను.

“తెలుసక్కా. నువ్వు గోడ దిక్కు తిరిగి నవ్వినవంట, అత్తమ్మ చెప్పింది.”

నాకు మొహం చెల్లలేదు. నేను పక్కకు జరిగితే ఆమె మంచం మీద కూర్చుంది. అప్పుడు మాత్రం ఇద్దరం కలిసి నవ్వాం. కాని అసూయ అక్కడితో పోలేదు. ఎవరి పిల్ల ముందు నడుస్తుందా అని ఏడాదంతా ఒకరినొకరం గమనించుకుంటూనే ఉన్నాం. ఆమె పిల్లే ముందు నడిచింది.