శబ్దం తీసేసిన పాఠాలు

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడ మేడమ్ అంటారు. రక్తపరీక్షల ల్యాబులకు సాఫ్ట్‌వేర్ తయారు చేసే ఆ కంపెనీలో ఆమె పందొమ్మిదేళ్లుగా టెస్టర్. మిగతావాళ్లు రాసిన ప్రోగ్రామును ముందు పెట్టుకుని, ప్రతి బటనూ నొక్కి, ప్రతి గడీ నింపి, తప్పెక్కడుందో పట్టుకోవడం ఆమె పని. స్క్రీను మీద వచ్చే హెచ్చరికల్లో అక్షరదోషాలను కూడా వదిలిపెట్టేది కాదు. "అవెవరూ చదవరు మేడమ్" అని ఎవరైనా గొణిగితే, "నేను చదువుతాగా" అనేది.

వేసవి మొదట్లో ఒక సోమవారం పద్నాలుగు మంది టెస్టర్లనూ గదిలో కూర్చోబెట్టి చెప్పారు. ఇకమీదట పరీక్షించడం, సర్వర్ మీదికి ఎక్కించడం, అది పడిపోకుండా చూడటం అన్నీ ఆదేశాలు రాసిపెడితే వాటంతటవే జరిగిపోతాయట. దాని పేరు డెవాప్స్. కొత్త టీములో టెస్టర్లకు రెండు సీట్లున్నాయి. మూడు నెలల్లో ఆన్‌లైన్‌లో నేర్చుకున్నవాళ్లు పోటీ పడవచ్చు. మిగిలినవాళ్లకు "వేరే ఏర్పాటు". అదేమిటని అడిగేంత అమాయకులు ఆ గదిలో ఎవరూ లేరు.

"నలభై మూడేళ్లకు మళ్లీ ఓనమాలా?" అన్నాడు భర్త. కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే మనిషి.

"దిద్దకపోతే ఇంట్లో కూర్చోవాలి. కూర్చోమంటారా?"

ఆయన మర్నాడు వంటింటి గట్టు మీద గ్యాసు పొయ్యి పక్కన ల్యాప్‌టాప్‌కు చోటు చేసి, ప్లగ్గు కోసం పొడుగు వైరు లాగిపెట్టాడు.

తెల్లవారి అయిదింటికి అక్కడ నిలబడి చదువు మొదలుపెట్టేది. పాఠం చెప్పేవాడి ఇంగ్లీషు స్టేషనులో ఆగని రైలులా పోయేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని, మూడు నిమిషాల పాఠానికి ముప్పావుగంట పట్టేది. పదో రోజున విసుగొచ్చి శబ్దం తీసేసింది. దాంతో భయం కూడా పోయింది. అతను కొట్టే అక్షరాలు ఎలాగూ స్క్రీను మీద కనబడుతున్నాయి. వాటిని నోటుబుక్కులో దించుకుంది. ఎడమవైపు సమస్య, కుడివైపు ఆదేశం. నెలన్నరకు నూట నలభై అయ్యాయి. ఇంట్లో కొడితే ప్రతిదీ పనిచేసింది.

"మ్యూట్‌లో పాఠమేంటమ్మా? మూకీ సినిమానా?" అంది కాలేజీకి తయారవుతున్న కూతురు.

"నోరు నూరు చెబుతుంది. చేసేది చెయ్యేగా. నేను చెయ్యి చూస్తున్నాను, నువ్వు పోవే."

ఎంపికకు మూడు రోజుల ముందు, మంగళవారం, ఆఫీసులో టెస్ట్ సర్వర్ నిండిపోయింది. కొత్తదేదీ ఎక్కడం లేదు, ఉన్నవి కూడా ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. ఆమె పక్క సీటులో కూర్చునే యాభై మూడేళ్ల టెస్టర్‌ను అందరూ పెద్దాయన అంటారు. పొద్దున తొమ్మిదింటికే ఆయన సర్వర్‌ను ఒకసారి ఆపి మళ్లీ పెట్టి చూశాడు. లాభం లేకపోయింది. పదకొండింటికి టీకి లేచి వెళ్లాడు. కొత్త టీము లీడు మీటింగులో ఉన్నాడు.

ఆమె నోటుబుక్కు తీసింది. ముప్పై ఎనిమిదో పేజీ. ఎడమవైపు "డిస్కు నిండితే". కుడివైపు ఒకే ఒక్క లైను. కొట్టింది. ఇవన్నీ చెరిగిపోతాయి, సరేనా అని నాలుగు లైన్ల హెచ్చరిక వచ్చింది. పాఠంలో అతను ఇక్కడ సరే అని నొక్కాడు. ఆమె కూడా నొక్కింది. పందొమ్మిదేళ్లలో చదవకుండా దాటేసిన మొదటి హెచ్చరిక అది.

డిస్కు మూడొంతులు ఖాళీ అయింది. ఏడు నిమిషాల పాటు ఆమె చాలా సంతోషంగా ఉంది. తర్వాత పరీక్షలకు వాడే రోగుల జాబితా తెరిచింది. ఒక్క పేరూ లేదు.

ఆ రోగులు నిజం మనుషులు కారు. ఆరేళ్లుగా పెద్దాయన ఒక్కొక్కరినే పుట్టించాడు. గర్భపరీక్ష రాయించుకున్న మగవాడు, పుట్టకముందే రక్తమిచ్చిన పసిపిల్ల, ఒకే పేరున్న పదకొండు మంది. సాఫ్ట్‌వేర్ ఎక్కడ తడబడుతుందో తెలిసినవాడు తప్ప కల్పించలేని నాలుగు వేల మంది. డిస్కు నిండి డేటాబేస్ ఆగిపోవడంతో, ఆగినదాన్ని అక్కర్లేనిదిగా లెక్కేసి, ఆ ఆదేశం అందులో దాచినవాటితో సహా ఊడ్చేసింది. నకలు లేదు. నిరుడు సర్వర్ మార్చినప్పుడు నకలు తీసే ఏర్పాటు మళ్లీ పెట్టాలని ఎవరికీ తట్టలేదు.

ఆమె మెట్ల దగ్గరికి వెళ్లి, ఫోనులో అదే పాఠాన్ని శబ్దంతో విన్నది. ఆదేశం కొట్టాక, సరే నొక్కేముందు, అతను అరనిమిషం మాట్లాడాడు. ఇది నా సొంత మెషీను కాబట్టి చేస్తున్నాను, మీ ఆఫీసు మెషీను మీద పొరపాటున కూడా కొట్టకండి, డేటా పోయాక నన్ను తిట్టుకోవద్దు అని నవ్వాడు. ఆ అరనిమిషమూ స్క్రీను కదలలేదు. శబ్దం లేకుండా చూసినప్పుడు, ఆలోచించుకుంటున్నాడు కాబోలనుకుంది.

ఆమె సీటుకు తిరిగొచ్చేసరికి రోగులు పోయిన సంగతి బయటపడింది, లీడు పెద్దాయన ముందు నిలబడి ఉన్నాడు.

"డిస్కు నిండిన మెషీన్ని ఎవరైనా రీస్టార్ట్ చేస్తారా సార్?"

"నా ఆరేళ్ల కష్టం బాబూ అది. చేజేతులా చంపుకుంటానా?"

"కావాలని చేశారనట్లేదు. తెలీక చేశారంటున్నాను."

హాల్లో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. తెలీక అన్న మాట ఎంపికకు మూడు రోజుల ముందు ఎంత బరువో పద్నాలుగు మందికీ తెలుసు. రెండు సీట్లలో ఒకటి ఒక చురుకైన అమ్మాయికి ఖాయమైపోయింది. రెండోదానికి మిగిలింది పెద్దాయన, జల్లెడ మేడమ్. ఆమె నోరు తెరవకపోతే ఆ సీటు నడుచుకుంటూ ఆమె దగ్గరికే వస్తుంది.

నోరు తెరవలేదు. పన్నెండయింది. ఒంటిగంటయింది. భోజనాల దగ్గర పెద్దాయన డబ్బా మూత తీయలేదు.

"అమ్మాయ్, నువ్వు పక్కనే ఉన్నావుగా. నేను టీకి వెళ్లినప్పుడు ఎవరైనా ఏమైనా కదిపారా?"

"నేను చూళ్లేదు అన్నయ్యగారూ."

రెండింటికి కాస్త ముందు, సాయంత్రం సర్వర్ చిట్టా తీసి ఎవరెప్పుడేం కొట్టారో చూస్తానని లీడు ఎవరితోనో అన్నాడు. రెండూ అయిదుకు ఆమె అతని బల్ల దగ్గరికి వెళ్లి, "ఆ ఆదేశం కొట్టింది నేను" అంది. చిట్టా భయం లేపిందో, మూత తీయని డబ్బా లేపిందో ఆమెకే తెలియదు.

లీడు కేకలేయలేదు. ఎవరు చేశారన్నది కాదు, ఏ నిమిషానికి ఏం జరిగిందన్నది రాసివ్వమన్నాడు. కొత్త టీము పద్ధతి అది, తప్పు జరిగితే నింద ఉండదు, కాగితం ఉంటుంది. ఆమె నాలుగు పేజీలు రాసింది. పదకొండూ పదికి ఆదేశం. పదిహేడుకు జాబితా ఖాళీ అని తెలియడం. ఇరవై అయిదుకు మెట్ల దగ్గర పాఠం వినడం. రెండూ అయిదుకు చెప్పడం. నకలు ఎందుకు లేదో, ఇకముందు ఏం చెయ్యాలో. లీడు దాన్ని అందరికీ పంపాడు.

శుక్రవారం ఎంపిక జాబితా వచ్చింది. రెండో సీటు ఆమెది. "తప్పులు అందరం చేస్తాం మేడమ్. ఇలా రాసేవాళ్లే దొరకరు" అన్నాడు లీడు.

అయిదింటికి పెద్దాయన సొరుగు ఖాళీ చేసుకుని, నాలుగు పేజీల ప్రింటు పట్టుకుని ఆమె దగ్గరికొచ్చాడు. మూడో పేజీ మీద వేలు పెట్టాడు.

"బాగా రాశావు. పదకొండున్నరకల్లా నీకు తెలుసన్నమాట. నేను నిన్నడిగింది ఒకటిన్నరకి. అది ఇందులో లేదేం అమ్మాయ్?"

ఆమె కుర్చీలోంచి లేచింది. "రాస్తాను అన్నయ్యగారూ."

"ఇప్పుడెందుకులే. సీటొచ్చిందిగా."

కాగితాలు ఆమె బల్ల మీద పెట్టి, సంచీ భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు.

ఆమె రిపోర్టు తెరిచి, మధ్యలో ఒక లైను చేర్చింది. "1:30. పక్క సీటాయన అడిగారు. చూళ్లేదని అబద్ధం చెప్పాను." పద్నాలుగు మంది టెస్టర్లకూ, లీడుకూ పంపింది. నిమిషంలో పన్నెండు చేరకుండా వెనక్కి వచ్చాయి. వేరే ఏర్పాటులోకి వెళ్లినవాళ్ల మెయిళ్లు అయిదింటికే మూసేశారు.

పెద్దాయనకు ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తాడు. వెనక బస్టాపు రొద.

"రాశాను అన్నయ్యగారూ. ఒకటిన్నరది. అందరికీ పంపాను."

"ఎవరికి చేరింది?"

ఆమె స్క్రీను వైపు చూసింది. లీడు పేరు, మొదటి సీటొచ్చిన అమ్మాయి పేరు, తన పేరు.

"చెప్పమ్మాయ్, ఎవరికి చేరింది?"

ఇంతలో బస్సొచ్చినట్టుంది. ఆయన పెట్టేశాడు.