పద్నాలుగో స్తంభం మలుపు

ఈమధ్య బడ్జ్ బడ్జ్ ఊరికి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మనిషి చొక్కా నుంచి జనపనారకు పట్టించే నూనె వాసన వచ్చింది. కిరసనాయిలుకు దగ్గరగా ఉండి, కొంచెం తీపిగా ముక్కులో నిలిచిపోయే వాసన. రెండు స్టాపుల దూరం నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. సామ్యేలు బాబాయి పక్కన నిలబడితే వచ్చే వాసన అది.

ఆయన నాకు చుట్టం కాదు. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ బెంగాల్లో స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. నది ఒడ్డున మా జనపనార గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. బెంగాలీవాళ్లు 'అన్న' అనే అర్థంలో సామ్యేల్‌దా అనేవారు. నేను ఇంటర్ తప్పి బేళ్లు లెక్కపెట్టే పనిలో చేరాను. బండి బ్రేకు వేశాక ఎంత దూరంలో ఆగుతుందని ఒకసారి అడిగితే ఆయన నవ్వలేదు. సెలవు రోజు రమ్మని నా చేతికి సుద్దముక్క ఇచ్చారు. ఆయన ఒకే వేగంతో వచ్చి ఆపుతుంటే నేను నేల మీద గీతలు గీసి కొలిచాను. ఖాళీ బండికి ఆరడుగులు, బేళ్లతో పదకొండు, నేల తడిపితే పదిహేడు. "రాసుకో. అయితే నేల మీద నూనె ఒలికితే ఎంతన్నది ఏ కాయితమూ సెప్పదు. దిగి సూడాల" అన్నారు. స్కూల్లో నన్ను తరిమిన అంకెలు ఆ రోజు మొదటిసారి నేల మీద నిలబడి కనిపించాయి. తర్వాత నేను సొంతంగా నేర్చుకున్న లెక్కంతా ఆ మూడు గీతల మీద కట్టుకున్నదే.

ఆ లెక్క వల్లే, గోదాములోకి కెమెరాలు వచ్చినప్పుడు వాటి పని నాకు అప్పగించారు. ప్రతి బండి మీదా రెండు కెమెరాలు. ఒకటి పైకప్పుకు అంటించిన గుర్తులను చూసి బండి ఎక్కడ ఉందో జానెడు తేడాలో చెప్పేది. రెండోది ఎదురుగా మనిషో బండో కనబడితే బ్రేకు వేసేది. బండి ఆగిన ప్రతిసారీ ఆగిన చోటు, కారణం నమోదయ్యేవి. వారానికొకసారి ఆ వివరాలతో నేను పట్టిక తయారుచేసేవాడిని. ఎదురుగా ఏమీ లేకపోయినా డ్రైవరు తనంతట ఆపిన వాటికి ఒక వరుస కేటాయించి, పైన 'అనవసరపు ఆగుళ్లు' అని రాశాను. యంత్రం ఆ మాట అనలేదు. ఆ పేరు నేను పెట్టింది.

ఆ వరుసలో అందరికన్నా పెద్ద అంకె సామ్యేలు బాబాయిది. దాదాపు అన్నీ ఒకేచోట, పద్నాలుగో స్తంభం దగ్గర మలుపులో. మేనేజరు పట్టిక చూసి, "ఏమీ లేనిచోట ఇన్నిసార్లు ఆగుతున్నాడంటే సామ్యేల్‌దాకి చూపు తగ్గినట్టే కదా?" అన్నాడు. నేను నిలబడ్డ చోటి నుంచి ఆ మలుపు ఇరవై గజాలే, వెళ్లి చూడలేదు. "లెక్క అలాగే చెబుతోంది సార్" అన్నాను. సోమవారానికి ఆయన్ని సీటు దింపి గేటు దగ్గర చీటీలు చూసే పనిలో పెట్టారు.

నెల తర్వాత వేరే పని మీద ఆ మలుపు దాటి నడిచాను. బేళ్ల దొంతర వెనక నలుగురు ఆడవాళ్లు కాళ్లు చాపుకుని చిరిగిన గోనెలు కుడుతున్నారు. నది వైపు తలుపు నుంచి గాలి వచ్చే చోటు అదొక్కటే. అక్కడ కూర్చోవడానికి అనుమతి లేదు. మలుపు తిరిగేదాకా కెమెరాకు వాళ్లు కనిపించరు. ఆ ఆడవాళ్లే చెప్పారు: సామ్యేల్‌దా రోజూ అక్కడ ఆగి, బండి ఇనుము మీద రెండుసార్లు కొట్టేవాడట, తాము కాళ్లు ముడుచుకున్నాకే కదిలేవాడట. కొత్త డ్రైవరు కొట్టడు కాబట్టి ఇప్పుడు ఒకరు కుట్టకుండా కాపలా కూర్చుంటున్నారట.

తిన్నగా గేటు దగ్గరికి వెళ్లాను.

"ఆఫీసులో చెప్పొచ్చు కదా బాబాయ్?"

"ఏటని సెప్తాను? సెప్తే ఆలని రేకుల షెడ్డులోకి తోలెత్తారు. జేష్ఠమాసం ఎండ, మాడిపోరేటి?"

"మీ సీటు పోయింది కదా."

"పోయింది. ఏటి సేత్తాం? మిసన్ సెప్పిందంట. దానికి నా మీద పగేటుంటాది?" అని చీటీల కట్ట సర్దుకున్నారు. నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ కూకుంటే నడుం పట్టీస్తంది గానీ, ఆ బండి మీద పట్టీది కాదు" అన్నారు.

యంత్రం కాదు, నేనని అప్పుడు చెప్పాల్సింది. చెప్పకుండానే లోపలికి వచ్చేశాను. మరునాడు మేనేజరుతో మాట్లాడి ఆ మూల చుట్టూ పసుపు గీత గీయించాను, ఆడవాళ్లకు అనుమతి వచ్చింది, మలుపు ముందు బండ్లు వాటంతటవే నెమ్మదించేలా మార్చాను. వరుస పేరు కొట్టేశాను. సీటు మాత్రం అప్పటికే ఇంకొకరిది. 'అనవసరం' అని రాసింది నేనేనని మేనేజరుకు చెబితే నా పని పోతుందని భయపడ్డాను. బాబాయికి చెబితే ఏం పోతుందని భయపడ్డానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఏడాదిన్నర తర్వాత ఆయన రిటైరైనప్పుడు గేటు దగ్గర టీ, సందేశ్ మిఠాయి పంచారు. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి అందరితో బెంగాలీలో ఏదో సరదాగా మాట్లాడి, చివరికి నావైపు తిరిగి తెలుగులో, "ఆ మిసన్ లెక్క ముందుగా నీ కంటబడుంటే నన్ను దింపనిచ్చీవోడివి కాదు" అన్నారు. నేను టీ తాగాను.

ఇప్పుడు నేను కారణం తెలియని ప్రతి ఆగుడు చోటికీ నడిచి వెళ్తాను. కుర్రవాళ్లు వీడియోలో చూడొచ్చు కదా అంటారు. చాలాసార్లు అక్కడ ఏమీ ఉండదు. అయినా వెళ్తాను. అది ఆయన నేర్పింది కాబట్టి వెళ్తున్నానో, ఆయనకు చెప్పలేకపోయినదాన్ని మోస్తూ వెళ్తున్నానో తెలియదు.

ఆయన ఖరగ్‌పూర్‌లో తమ్ముడింట్లో ఉంటున్నారు. క్రిస్మస్‌కి నేను ఫోన్ చేసేవాడిని, ఈసారైనా చెబుదామనుకుంటూ వానల గురించి మాట్లాడి పెట్టేసేవాడిని. రెండేళ్లుగా ఆయనకు ఫోన్‌లో మాట వినబడటం లేదు. ఎదురుగా కూర్చుని చెబితేనే వినిపిస్తుందట. షాలిమార్ స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్‌కి రైల్లో రెండున్నర గంటలు. రాను పోను ఐదు. ఆదివారం ఒక్కటి చాలు.