జిగురు ఆరేలోగా

ఆ జిగురు ఫ్యాక్టరీలో ఆవిడని అందరూ పిన్ని అనే పిలిచేవారు. యజమాని కూతురు మొదలుకొని సరుకెత్తే లారీ డ్రైవర్ల దాకా ఎవరికీ ఆవిడ అక్క కాలేదు, అత్త కాలేదు. ఆవిడకంటే వయసులో పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా పిన్నీ అనేవాడు, ఆవిడ ఏం బాబూ అని పలికేది. చేసే పని ఫోనెత్తడం. జిగురు అతకలేదని తిట్టడానికి ఫోన్ చేసేవాళ్లతో మాట్లాడటం. ఫ్యాక్టరీ మొత్తంమీద తిట్లు తినడానికి జీతం తీసుకునేది తనొక్కతేనని ఆవిడే నవ్వుతూ చెప్పుకునేది.

నిజానికి జిగురులో లోపం లేదు. చెప్పులు, బూట్లు, సంచులు, కుర్చీల తోలు అతికించే పసుపుపచ్చ జిగురు అది. రెండువైపులా పల్చగా రాసి, పది నిమిషాలు ఆరనిచ్చి, ముట్టుకుంటే వేలికి అంటనప్పుడు గట్టిగా అదమాలి. డబ్బా మీద ఆ ముక్క చీమ తలకాయంత అక్షరాల్లో రాసే ఉంది. కానీ పది నిమిషాలు ఊరికే కూర్చోగలిగిన మనిషి లోకంలో ఎక్కడున్నాడు? రాయగానే అదిమేస్తారు. మర్నాటికి చెప్పు నోరు తెరుస్తుంది, దాని వెనకే వీళ్లూ తెరుస్తారు.

తప్పు మీదేనని పిన్ని ఎవరితోనూ అనలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మిన మనిషి. "చెప్పు పక్కనే ఉందా? మన జిగురు ట్యూబు వచ్చిన అట్టడబ్బా విప్పి కింద పరవండి, నేల పాడవకుండా. పాత జిగురు గీకేశారా? ఇప్పుడు రాయండి. రెండువైపులా. రాశారా, ఇక పక్కన పెట్టెయ్యండి. ఇంతకీ ఈ చెప్పు ఎవరిదండీ?" అనేది. అంతే, బుట్టలో పడేవాళ్లు. కూతురు పెళ్లిలో తొడుక్కున్న బూటు గురించి ఒకాయన, ఆడపడుచు దగ్గర అడిగి తెచ్చుకున్న సంచి గురించి ఒకావిడ, తిట్టడానికొచ్చిన సంగతి మర్చిపోయి చెప్పుకుపోయేవారు. మధ్యలో పిన్ని గోడ గడియారం చూసేది. "ఇప్పుడు వేలితో ముట్టుకోండి. అంటడం లేదు కదా? అదమండి." అతుక్కునేది. ఫోన్‌లోంచే మంచి జిగురు పంపించినట్టు వాళ్లు ఆవిడకి దండాలు పెట్టేవారు.

ఇలా ఏళ్ల తరబడి నడిచాక ఆవిడకి చెవులు మొరాయించడం మొదలైంది. ముందు ఎడమది, ఆ తర్వాత కుడిది కూడా కొంచెం కొంచెంగా. పిన్ని ఎవరికీ చెప్పలేదు. దానికో కారణం ఉంది. చిన్నప్పుడు ఆవిడ ఇంట్లో ఒక మేనత్త ఉండేది, చెవుడు. ఎవరూ ఆమెని చెడ్డగా చూడలేదు. వేళకి కంచం పెట్టేవారు, జ్వరమొస్తే మందిచ్చేవారు. మాటలు మాత్రం మానేశారు. చెప్పిందే చెప్పలేక, అరవలేక, ఎవరి పనుల్లో వాళ్లుండి, చివరికి మేనత్త ఉన్న గదిలోనే మేనత్త గురించి మాట్లాడుకునేవారు. ఆమె అందరి మొహాలూ చూస్తూ నవ్వే ఆ నవ్వు పిన్నికి ఇప్పటికీ గుర్తే. చెవిలో మిషన్ పెట్టుకుంటే సరిపోయేది కదా అంటారేమో, పెట్టుకుంటే అందరికీ కనిపిస్తుంది. తనతో మాటలు మానేసే రోజుని తన చేత్తో తనే తెచ్చుకోవడం ఆవిడకి ఇష్టం లేకపోయింది.

ఇంట్లో దాచడం తేలికైంది. పిల్లలు పెళ్లిళ్లయి ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. మిగిలింది భర్త. ఆయన బస్సు డ్రైవరు. మొదట్నించీ గలగలలాడే రకం కాదు, ఈమధ్య మరీ తగ్గించేశాడు. వయసు మీదపడితే మగవాళ్లు ఇలాగే అవుతారు కాబోలని పిన్ని అనుకుంది. అలాంటి మనిషి పక్కన చెవులు పోయినా బయటపడదు కదా అని లోపల్లోపల కాస్త నిశ్చింతగా కూడా ఉంది.

ఆఫీసులో అంత సులువు కాలేదు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి సౌండు చివరిదాకా పెంచేది. తిట్లన్నీ ఆఫీసంతా మోగేవి. "పిన్నీ, ఆ చివర గోడౌన్ వాళ్లకి సరిగ్గా వినపడలేదట, ఆయన్ని ఇంకోసారి తిట్టమను" అనేవాడు అకౌంట్స్ గుమాస్తా. అందరూ నవ్వేవారు, ఒక క్షణం ఆగి పిన్ని కూడా నవ్వేది. ఆ ఒక్క క్షణాన్నీ కనిపెట్టింది యజమాని కూతురు. అందరూ చిన్నమేడం అంటారు. మనసున్న పిల్లే. నలుగురిలో ఏమీ అనకుండా ఒకరోజు ఎదురుగా కూర్చుని, "ఫోన్ తీసేద్దామనుకుంటున్నాం పిన్నీ. ఇకమీదట కస్టమర్లకి నెలనెలా ఈమెయిల్‌లో ఉత్తరం పంపుతాం. మీరు ప్యాకింగ్‌లో కూర్చోండి, అక్కడ హాయిగా ఉంటుంది" అంది. హాయిగా అన్న మాట పిన్నికి స్పష్టంగా వినపడింది.

ప్యాకింగ్ గదిలో పొడుగు బల్లలు, మడత విప్పని అట్టల దొంతరలు. అట్టని మడిచి డబ్బా చేసి, ట్యూబు పెట్టి, మూత మూయడం పని. డబ్బా ముందువైపున కొత్తగా ఒక క్యూఆర్ కోడ్, దాని కింద ఎర్రటి అక్షరాల్లో 'ఆఫర్లు, చిట్కాలు, మరెన్నో. మా ఈమెయిల్ లేఖలో నేడే చేరండి' అని అచ్చయింది. చిన్నమేడం చాలా ఆశ పెట్టుకుంది దానిమీద. మూడు నెలలు పోయాక చూస్తే చేరినవాళ్లలో సగంమంది ఫ్యాక్టరీవాళ్లు, మిగతా సగం వాళ్ల చుట్టాలు.

పిన్నికి ఆ గదిలో చెవులతో పని లేదు. మిషన్ల రొదలో అందరూ చెవిటివాళ్లే. అయినా ఆవిడకి ఊపిరాడేది కాదు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరి చెప్పు కథా వినకుండా గడపడం కొత్త. మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆడవాళ్లంతా చేరి నవ్వుకుంటుంటే మొహాలు చూస్తూ తనూ నవ్వింది. నవ్వాక తెలిసింది, అది తన నవ్వు కాదు, మేనత్తది.

చేతులు మడుస్తూ ఉంటే మనసు ఖాళీగా ఉండదు కదా. రోజూ ఆ అట్టల్ని తిరగేసి మడుస్తుంటే ఆవిడకి ఒక సంగతి తట్టింది. అచ్చంతా బయటే ఉంది. లోపల ఖాళీ. డబ్బా బయటివైపు చూసేది ఎవరు? కొట్లో ధర చూసుకునేంతసేపు. ఇంటికెళ్లాక దాన్ని చించి, విప్పి, చెప్పు కింద పరుస్తారు. తను ఇన్నేళ్లుగా ఫోన్‌లో ఊరందరికీ అలా పరవమనే చెప్పింది. పరిచాక కళ్ల ముందు పైకి ఉండేది లోపలివైపు.

చిన్నమేడంకి చెబితే ఆ పిల్ల వాదించలేదు. తన కాలి చెప్పు విప్పి, దానికి చిరుగు లేకపోయినా జిగురు రాసి, డబ్బా పరిచి నేలమీద కూర్చుంది. కాసేపు చెప్పుని చూసింది, కాసేపు ఆ ఖాళీ అట్టని చూసింది. ఆ తర్వాత తనకి తెలియకుండానే సంచిలోంచి ఫోన్ తీసింది.

"అదిగో, అక్కడే" అంది పిన్ని. "ఆ ఫోన్ తీసినప్పుడే మన ఉత్తరం దొరకాలి వాళ్లకి. ఆఫర్లు కాదమ్మా. కూర్చోబెట్టే కబుర్లు."

"రాసేదెవరు?"

"తిట్లు తిన్నదాన్ని నేనే కదా."

కొత్త డబ్బాల లోపలివైపు ఇలా అచ్చయింది: 'జిగురు రాశారు కదా. పది నిమిషాలు దాన్ని ముట్టుకోకండి. ఈలోగా నా ఉత్తరం చదవండి. చదవడం అయ్యేసరికి ఆరుతుంది. ఇట్లు, పిన్ని.' దాని పక్కన కోడ్. మొదటిసారి కోడ్‌ని సరిగ్గా నడిమధ్యలో వేశారు. చెప్పు వెళ్లి దానిమీదే కూర్చుంది, కారిన జిగురు దాన్ని మింగేసింది. రెండోసారి అంచుకి జరిపారు. అప్పుడు మొదలైంది జనం చేరడం. చిన్నమేడం కంప్యూటర్ ముందు నుంచి లేచొచ్చి ప్యాకింగ్ గదిలో పిన్ని భుజం పట్టుకుని ఊపేసింది.

వారం తిరక్కుండా ఫిర్యాదులొచ్చాయి. 'మీ ఉత్తరం అయిపోయింది, అదిమాం, ఊడిపోయింది.' పిన్ని తలపట్టుకుంది. ఉత్తరం రాసి, గడియారం పెట్టుకుని చదివి, సరిగ్గా పది నిమిషాలకి కొలిచిందే అది. కాకపోతే ఆవిడ గొంతెత్తి చదివింది. జన్మంతా నోటితో బతికిన మనిషికి, జనం కళ్లతో గబగబా చదివేస్తారని ఎలా తోస్తుంది? మూడు నిమిషాల్లో ముగించి చెప్పు మీద పడ్డారు. పిన్ని ఉత్తరాన్ని మూడింతలు చేసింది.

"ఇంత పొడుగు మెయిల్ ఎవరు చదువుతారు పిన్నీ? మెయిల్ పొట్టిగా ఉండాలని అందరూ చెప్తారు" అంది చిన్నమేడం.

"ఒంటి కాలి చెప్పుతో కూర్చున్నవాళ్లు ఎక్కడికి పోతారమ్మా, చదువుతారు."

చదివారు. ఫోన్‌లో విన్న కథల్నే, ఎవరివో తెలియకుండా రాసేది. మధ్యమధ్యలో 'ఇంకా ముట్టుకోలేదు కదా' అని హెచ్చరించేది. చెప్పులు అతుక్కోవడం సరే, నెల తిరిగి కొత్త ఉత్తరం రాగానే దాన్ని చదవడానికి ఇంట్లో ఊడినవేమున్నాయా అని వెతుక్కునేవాళ్లు కూడా తయారయ్యారు. జవాబులు రాసేవారు. తమ చెప్పుల సంగతులు, తమ ఇళ్ల సంగతులు. పిన్ని ప్రతి జవాబూ చదివేది, ఒక్క అక్షరం కూడా చేజారేది కాదు. ఆవిడ మొహం మళ్లీ వెలిగింది.

పాత ఫోన్ మనుషులు కూడా ఉన్నారు వాళ్లలో. 'ఫోన్ ఎందుకు ఎత్తడం లేదు పిన్నిగారూ? మీ గొంతు వినాలని ఉంది' అని ఒకరు కాదు, చాలామంది అడిగారు. లైను పాడైందని రాస్తే పోయేది. రాయబోయి ఆగింది. వీళ్లు తనకి ఇంటి గుట్లు చెప్పుకున్నవాళ్లు. ఆ నెల ఉత్తరం చివర్లో ఇలా రాసింది: 'నాకు వినపడదు. రెండేళ్లుగా దాస్తున్నాను. చివరి రోజుల్లో మీరు చెప్పినవాటిలో సగం వినపడకుండానే ఊఁ కొట్టాను, ఏమీ అనుకోకండి. కళ్లు బాగానే ఉన్నాయి. రాస్తూ ఉండండి, మానెయ్యకండి.'

ఎవరూ మానలేదు. ఇంతకుముందు కంటే ఎక్కువ రాశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, పిన్ని వరస తిరగబడింది. ముక్కూ మొహం తెలియని వేలమందికి చెప్పేసింది కానీ, ఒక కప్పు కింద ఉంటున్న మనిషికి చెప్పడానికి ఆవిడకి నోరు రాలేదు.

ఒక ఆదివారం ఆవిడ వంటింట్లో గిన్నెలు తోముతోంది. ముందుగదిలో భర్త తన డ్యూటీ బూటు అడుగు ఊడితే అతికించుకుంటున్నాడు. కాసేపటికి వెనక ఎవరో నిలబడినట్టనిపించి తిరిగి చూసింది. ఆయనే. ఒక చేతిలో బూటు, రెండో చేతిలో ఫోను. పెదవులు కదులుతున్నాయి. అలవాటుగా ఊఁ అంది.

ఆయన మాట ఆపేశాడు. ఫోన్ ఆవిడ కళ్లముందు పెట్టాడు. అందులో ఆవిడ ఉత్తరమే ఉంది, చివరిదాకా జరిపి.

ఆవిడ చేతులు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. ఆయన దగ్గరికి జరిగి, ఏ చెవి దగ్గర మాట్లాడాలో తెలియక తటపటాయించాడు. పిన్ని కుడివైపు చూపించింది.

"ఊరందరికీ చెప్పావు. నాకు చెప్పలేదేం?"

"మీరు కూడా మాట్లాడటం మానేస్తారని."

"మానేశాను కదా" అన్నాడు ఆయన. "మాట్లాడుతూనే ఉండేవాణ్ణి. నువ్వు పలికేదానివి కాదు. రోజంతా ఫోన్‌లో వాగి వాగి వస్తుంది, నా మాటలు విసుగేమో అనుకున్నాను. తగ్గించాను. ఆ తర్వాత మానేశాను."

పిన్ని ఆయన మొహం వంక చూసింది. ఊరివాళ్ల చెప్పుల కథలన్నీ కంఠతా వచ్చిన తనకి, ఈ మనిషి రెండేళ్లలో ఏం చెప్పాడో ఒక్కటీ తెలియదు. ఆవిడకి ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఏం చెప్పేవారు?"

"ఏవో. గుర్తుండవు అన్నీ." ఆయన బూటు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "డిపోలో కూర్చుని చేసే పని ఇస్తామన్నారు ఒకసారి. తీసుకోనా అని అడిగాను. నువ్వు అటు తిరిగి ఇలాగే తోముతున్నావు. రెండుసార్లు అడిగాను. నీకిష్టం లేదేమోననుకుని వద్దని చెప్పేశాను."

రోజూ సాయంత్రం బస్సు దిగొచ్చి, గుమ్మం పట్టుకుని, నడుం నిలబెట్టుకోవడానికి ఆయన పడే అవస్థ పిన్ని చూస్తూనే ఉంది. ఈ ఉద్యోగం మానరేమా అని కూడా చాలాసార్లు అనుకుంది, మనసులో.

"మళ్లీ అడగండి."

"ఏమిటి?"

"అదే."

"ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారు. ఎప్పటి మాటో."

"ఇచ్చుకోనివ్వండి. మీరు అడగండి."

ఆయన వంగి, కుడి చెవి దగ్గర నోరు పెట్టి, పక్కింటివాళ్లు కిటికీ తెరిచి చూసేంత గట్టిగా అడిగాడు. "డిపోలో కూర్చుని చేసే పని ఇస్తామంటున్నారు. తీసుకోనా?"

"తీసుకోండి" అంది పిన్ని. "ఆ నడుంతో ఇంకెన్నాళ్లు నడుపుతారు. తీసుకోండి."