డబ్బా మూత తీసింది నేనే

మా ఆయన పోయాక నాకు దొరికిన పని, భిలాయిలో ఓ ప్రైవేటు కాలేజీ ల్యాబు తుడవడం. ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజులు. బోర్డుల మీద మధ్యప్రదేశ్ అన్నచోట పూసిన రంగు ఇంకా కొత్తగానే ఉండేది. నాకు సంతకం పెట్టడమొచ్చు గానీ సీసాల మీద రాసింది చదవడం రాదు. ఇదీ నేను చెప్తుంటే పక్కింటావిడ రాస్తోంది. అందుకే ల్యాబులో ఏ సీసా జోలికీ పోకుండా నేల ఒక్కటే తుడిచేదాన్ని. నేను ముట్టుకున్నది ఒక్క డబ్బానే.

అక్కడ ఓ పాప పరిశోధన చేసేది, డాక్టరేటు కోసం. వాళ్ళ నాన్నది మా శ్రీకాకుళమే. పాప మాత్రం భిలాయిలోనే, రుఆబాంధా కాలనీలో పుట్టి పెరిగింది, తెలుగులో మొదలెట్టి హిందీలో తేలేది. నన్ను పిన్నీ అనేది.

ఓ రోజు థర్మాకోల్ పెట్టెలో, ఐసు మధ్యన, చిటికెన వేలంత సీసా వచ్చింది. దాని కోసం పాప నెలల తరబడి కళ్ళు కాయలు కాసేలా చూసింది.

"ఏటమ్మా ఇది, అత్తరా?"

"యాంటీబాడీ పిన్నీ. కుందేలు రక్తంలోంచి తీస్తారు."

"ఓలమ్మో! కుందేలు నెత్తురుతో నీకేటి పని?"

ఓపిగ్గానే చెప్పింది. మన ఒంట్లో కంటికి కనబడని సెల్సుంటాయట. వాటికి గాలి తక్కువైతే, ఎలాగోలా బతకడానికి లోపల ఓ సరుకు తయారు చేసుకుంటాయట. ఈ కుందేలు మందు ఆ ఒక్క సరుకునే పట్టుకుని అతుక్కుంటాది, మిగతావాటి మొహం చూడదు. మా ఊరి స్టీలు ప్లాంటు గేటు దగ్గర నిలబడి ఒక్కడి కోసమే కాపు కాసే సెక్యూరిటీ వాడనుకున్నాను. వాడు దొరికితే ఫిలిం మీద నల్లగీత పడతాది. సీసాలో ఉన్నది మూడంటే మూడుసార్లకి. ఆ నెలలో గీత చూపించకపోతే ల్యాబు పెద్ద సారు ఆ పని ఆపించి ఇంకోటి అప్పచెప్తానన్నారు. అదే జరిగితే పాప రెండేళ్ళ కష్టం గంగపాలు.

"అయితే ఈ పెట్టె నాకిచ్చీ, చేపలు పెట్టుకుంటాను," అన్నాను. ఇచ్చీసింది.

సెల్సు పెంచిన పళ్ళేల్ని పాప ఓ ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, క్లిప్పులు బిగించి, సిలిండరు గ్యాసుతో లోపలి గాలంతా బయటికి తోసేది. సాయంత్రం ఐసు కోసం కిందికి వెళ్ళేది. ఐసు వచ్చాకే డబ్బా తియ్యాలి. ఆ పది నిమిషాలూ నేనూ, డబ్బా.

మా ఆయనది ఉబ్బసం. చలికాలమొస్తే చాలు, "కిటికీ తియ్యే, ముందు కిటికీ తియ్యే" అని నన్ను కూర్చోనిచ్చేవాడు కాదు. దుప్పటి కప్పుకుని, తిట్టుకుంటూ తీసేదాన్ని. ముప్పై ఏళ్ళ అలవాటు. మూసిన డబ్బాలో ఊపిరాడకుండా పడున్నవాటిని చూస్తే నా చెయ్యి ఊరుకుంటాదేటి? టకటకా క్లిప్పులు తీసేను. మూత ఎత్తేను. కొంగుతో నాలుగుసార్లు విసిరేను కూడా. "పీల్చుకోండి నాయనా" అన్నాను. మెట్ల మీద పాప చెప్పుల చప్పుడు వినగానే మూసీసేను. టిఫిన్ క్యారేజీ బిగించడం నాకు తెలీదేటి!

ఫిలిం ఖాళీగా వచ్చింది. ఒక్క గీత లేదు. పాప మళ్ళీ చేసింది, నేను మళ్ళీ విసిరేను. మళ్ళీ ఖాళీ.

పాప స్టూలు మీద కూలబడింది. "మందు ఖరాబైపోయింది పిన్నీ. దారిలో ఎండ తగిలుంటుంది. రేపు సారుకి చెప్పేస్తాను. బస్, ఖతమ్."

"అయితే కుందేలుదే తప్పంటావా?"

"ఇంకెవరిది? గాలి లేనప్పుడు ఆ సరుకు ఉండి తీరాలి. గాలి తగిలిందా, ఐదు నిమిషాల్లో మాయమైపోతుంది, ఐసు మీద పెడితేనే నిలుస్తుంది. అందుకే కదా, ఐసు తెచ్చేదాకా నేను మూత తియ్యనే తియ్యను."

తుడుస్తున్న గుడ్డ నా చేతిలో ఆగిపోయింది. చెప్తే నా పని ఊడుతుంది. చెప్పకపోతే ఈ పిల్ల మంచి మందుని పారబోస్తుంది.

"నువ్వు తియ్యలేదు పాపా. నేను తీసేను."

"క్యా?"

"రెండుసార్లూ. ఊపిరాడట్లేదు పాపమని."

"పిన్నీ! ఊపిరాడకూడదనే కదా నా ఏడుపంతా!"

"నాకేటి తెలుసు తల్లీ? తాళమేసుకోవాల్సింది."

"సెల్సుకి తాళమా!" అని అరిచింది. అరుస్తూనే నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి, "అంటే మందు బాగానే ఉంది," అంది మెల్లిగా. సీసా ఎత్తి వెలుతురులో చూసింది. అడుగున ఒక్కసారికి మిగిలింది.

మూడోసారి నన్ను డబ్బా దగ్గర ఉండనివ్వలేదు. "ఐసు నువ్వు తే. ఇక్కడ నేనుంటాను." బకెట్టుతో మెట్లు ఎక్కొచ్చేసరికి నాకు రొప్పు పట్టుకుంది.

"గాలి చాలక నీ ఒంట్లో ఇప్పుడు ఆ సరుకే సరుకు. ఓ చుక్క నెత్తురిస్తావేటి పిన్నీ?"

"పోవే, ముందు నీ పని చూసుకో."

మర్నాడు పాప ఫిలిం కడిగే చీకటి గదిలోంచి పరిగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకు లాగింది. ఫిలిం మీద కాటుక పుల్లతో గీసినట్టు సన్నటి గీత.

"ఇంతేనా? దీనికేనా ఇంత గోల?"

"ఇంతే పిన్నీ. ఇంతే!"

పెద్ద సారు కళ్ళజోడు పైకెత్తి చూసి, పని సాగించమన్నారు. ఆయన ఊరుకుంటే బాగుండేది. "మరి ముందు రెండుసార్లూ ఏమైంది?" అని అడిగేరు. నేను పక్కనే నేల తుడుస్తున్నాను.

"డబ్బా మూత సరిగ్గా చూసుకోలేదు సార్, పొరపాటు నాదే," అంది పాప.

నేను తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచేను. ఆ మూల నేల అంత తెల్లగా అంతకుముందెప్పుడూ లేదు.