ముందు మంచినీళ్ళు అడుగు

మొన్న పురానాపూల్ దగ్గర బస్సు ఆగినప్పుడు కిటికీలోంచి నానిన పల్లిచెక్క వాసన గుప్పుమంది. రోడ్డు పక్కన ఎవరో బర్రెలకు దాణా కలుపుతున్నారు. బస్సులో అందరూ ముక్కు మూసుకుంటే నేను మాత్రం గట్టిగా పీల్చి నవ్వుకున్నాను. ఆ వాసన వస్తే నాకు నర్సమ్మ పెద్దమ్మ వచ్చినట్టే. గౌలిపురలో మా వెనక సందులో నాలుగు బర్రెలతో బతికిన మనిషి. మాకు చుట్టం కాదు, అక్షరం ముక్క రాదు. నేనేమో పదో తరగతితో బడి మానేసినా, మా పేట గ్రంథాలయంలో రెండు బీరువాల తెలుగు పుస్తకాలు చివరి అట్ట దాకా చదివానని గర్వంగా తిరిగేదాన్ని. కానీ కొత్త గడప ముందు ఎలా నిలబడాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. ఆమె చెప్పింది.

బడి మానేశాక రెండేళ్ళు ఆమెతో కలిసి పొద్దున్నే హుస్సేనీ ఆలం దాకా పాలు పోసి వచ్చేదాన్ని. ఎవరైనా కొత్తగా పాలు కావాలంటే ఆమె వెంటనే ఒప్పుకునేది కాదు. క్యాను దించి, దాహం ఉన్నా లేకున్నా, మంచినీళ్ళు అడిగేది. ఒక ఇంట్లో పరదా చాటునుంచి ఒక ముసలాయన రెప్ప వేయకుండా మమ్మల్నే చూస్తున్నాడు.

"పెద్దమ్మా, ఎట్ల జూస్తుండో జూడు. ఈ ఇల్లు వద్దు," అన్నాను.

"కండ్లున్నయి, జూస్తడు. చూపులకు ఫికర్ జేస్తే పాలన్నీ నేనే తాగాలె. నీళ్ళడిగినం గద, ఎట్ల ఇస్తరో జూడు."

ఆ ముసలాయనే గ్లాసు పట్టుకొని వచ్చాడు. పెద్దమ్మ నిలబడే తాగబోతుంటే కోప్పడ్డాడు. "ఖడే ఖడే నక్కో పియో అమ్మా, బైఠో," అంటూ స్టూలు లాగాడు. ఆ ఇంటికి ఆమె ఇరవై ఏళ్ళు పాలు పోసింది. మరో వీధిలో ఒకావిడ ఎంతో తియ్యగా నవ్వి, దోసిలి పట్టమని పైనుంచి నీళ్ళు వంచింది. పెద్దమ్మ ఆ నీళ్ళతో ముఖం కడుక్కుని, క్యాను ఎత్తుకుని వచ్చేసింది.

కొన్నేళ్ళకు మేరీ నా జీవితంలోకి వచ్చింది. అమ్మకు రక్తపరీక్ష చేయించడానికి వెళితే సూది గుచ్చిన పిల్ల ఆమే. ఇద్దరం గౌలిపురలోనే ఒక మేడగది అద్దెకు తీసుకున్నాం. అందరి లెక్కలో మేం స్నేహితులం. పెద్దమ్మ మాకూ పాలు పోసేది. ఆమెకొక పద్ధతి ఉంది. సంసారాలకు కొలత అయ్యాక ఇంకాస్త కొసరు పోస్తుంది. రూముల్లో ఉండే ఒంటరివాళ్ళకు కొలత మాత్రమే. ఎనిమిది నెలలు మాకు కొలతే దక్కింది. ఒకరోజు గిన్నెలో కొసరు పడింది.

"పెద్దమ్మా, మర్చిపోయినవా? మాది రూము గద."

"రూమెక్కడిదే? రోజు పొద్దున మెట్లెక్కంగనే ఇంటున్న. కూరల ఉప్పెక్కువైందని లొల్లి, తువ్వాల ఎక్కడేసినవని లొల్లి. సంసారం గాకుంటే ఏంది మరి?"

లోపలినుంచి మేరీ అరిచింది. "లొల్లి జేసేది నేను గాదు పెద్దమ్మా, ఆమెనే!"

"ఇద్దరి గొంతులు నాకెరుకే," అంటూ ఆమె మెట్లు దిగిపోయింది. ఆ పూట మేం పాలు పొంగిపోతున్నా చూసుకోకుండా నవ్వుకున్నాం.

తర్వాత థాయ్‌లాండ్ వెళ్దామనుకున్నాం. మా ఇద్దరికీ అదే మొదటి విమానం. నేను గ్రంథాలయంలో కూర్చుని పత్రికలన్నీ తిరగేసి నోటుపుస్తకం నింపాను. అక్కడ ఇద్దరు ఆడవాళ్ళు చట్టప్రకారం పెళ్ళి కూడా చేసుకోవచ్చు. మేరీ మాత్రం ఒక్కటే అడిగింది. "ఒక్కసారన్న, ఎవరితోనన్న, నేను నీకేమైతనో నీ నోటితోటి చెప్పు. గంతే." నోటుపుస్తకం పెద్దమ్మకు చదివి వినిపించాను.

"కానూన్ మంచిగుంది. మనుషులెట్లుంటరు?"

"గా ముచ్చట రాయలె పెద్దమ్మా."

"ఎట్ల రాస్తరు? గడప కాడికి పొయ్యి అడగాలె."

మేం చేసిన పొరపాటు వింటే మీకు నవ్వొస్తుంది. చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల మధ్య మేం చేయీ చేయీ పట్టుకునే తిరుగుతాం. ఇద్దరు ఆడపిల్లలు చేతులు పట్టుకుంటే మన దగ్గర ఎవరు పట్టించుకుంటారు? కానీ అక్కడ దాని అర్థం చూసేవాళ్ళకు తెలిసిపోతుంది. అందుకే విమానం దిగగానే మేరీ చేయి వదిలేశాను. బసలో గది అడిగితే అక్కాచెల్లెళ్ళమని చెప్పాను. రెండు విడి మంచాల గది ఇచ్చారు.

"చార్మినార్ కాడ ఇడువని చెయ్యి గిక్కడ ఇడిసినవ్. గన్ని పుస్తకాలు ఎందుకు చదివినవే?" అంది మేరీ.

మర్నాడంతా ఎవరు నవ్వారు, ఎవరు గుచ్చి చూశారు అని నోటుపుస్తకంలో రాస్తూ తిరిగాను. మేరీకి ఒళ్ళు మండింది. "తిరగనీకె వచ్చినవా, జనాభా లెక్కలు రాయనీకె వచ్చినవా?" అంది. మేం వచ్చింది ఎందుకో నేనే పాడుచేస్తున్నానని అప్పుడు అర్థమైంది.

మూడోరోజు పొద్దున్నే మేరీని వెంటబెట్టుకుని కిందికి వెళ్ళాను. బస యజమానురాలు, యాభై ఏళ్ళావిడ, తువ్వాళ్ళు మడతపెడుతోంది. పుస్తకాల్లో వందసార్లు చదివిన మాటే, నోటితో ఒక్కసారీ అనలేదు. "ఈమె నా చెల్లెలు కాదు, నా వైఫ్. ఒకే మంచం ఉన్న గది ఉందా?" అన్నాను. ఆమె మడత ఆపి చూసింది. చాలాసేపు చూసింది. నేను తల దించకుండా, జవాబు కోసం నిలబడ్డాను.

ఆమె రిజిస్టరు తీసి చూసి నెత్తి కొట్టుకుంది. "ముందే చెప్పొద్దా? తోటవైపు పెద్దమంచం గది నిన్ననే వేరేవాళ్ళకు ఇచ్చేశాను!" అంటూ వచ్చీరాని ఇంగ్లీషులో నన్ను కోప్పడింది. భర్తను పిలిచి మా గదికి వచ్చింది. ఆయనొక వైపు, ఆమె ఒక వైపు, మధ్యలో మేరీ, ముగ్గురూ కలిసి రెండు మంచాలను ఒకటిగా నెట్టారు. నడిమి సందులో దుప్పటి చుట్టి కుక్కారు. మేరీ నవ్వి నవ్వి ఆ దుప్పటి మీదే కూలబడింది. ఆ మధ్యాహ్నం పళ్ళమ్మే ఒకామె మమ్మల్ని చూసి ముఖం తిప్పుకుంది. పక్కబండి దగ్గర కొనుక్కుని తిన్నాం. పళ్ళు తియ్యగానే ఉన్నాయి.

తిరిగొచ్చి చెబితే పెద్దమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. "ఆలుమొగలు ఇద్దరు కల్సి మంచాలు నూకిండ్రా!" ఆ నవ్వులోనే అడిగింది. "మంచిగైంది బిడ్డా. మరి మన గౌలిపురల ఎవరినడుగుతవ్?"

ఆ వారమే గ్రంథాలయానికి వెళ్ళాను. చిన్నప్పటినుంచీ నాకు పుస్తకాలు తీసిచ్చిన గ్రంథపాలకుడు అక్కడే ఉన్నారు. ఎవరి దగ్గర చులకనైతే తట్టుకోలేనో ఆయనే. "థాయ్‌లాండ్ ఒక్కదానివే పోయినవామ్మా?" అన్నారు.

"లేదు సార్, మేరీతోటి. దోస్తు గాదు సార్. మేమిద్దరం సంసారం జేస్తున్నం."

ఆయన చేతిలో ముద్ర గాలిలో ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నారు. "ఆమెకు కార్డున్నదా?"

"లేదు సార్."

"తీసుకరా మరి. నీ ఒక్క కార్డు మీద ఇద్దరు చదువుతున్నరన్న మాట ఇన్ని దినాలు!"

పెద్దమ్మ పోయి ఏడాది దాటింది. అందరూ ఆ బస దంపతుల్లా, మా గ్రంథపాలకుడిలా ఉంటారని నేను అనుకోను. మేరీ సంగతి చెప్పినప్పటినుంచీ మా అన్న నా ఫోను ఎత్తడు. అయినా ఎదుటివాళ్ళ ముఖంలో అనుమతి వెతుక్కుని అప్పుడు నోరు తెరిచే అలవాటు నాకు పోయింది. ఏ ఊళ్ళోనైనా ముందు చెబుతాను, కావలసింది అడుగుతాను. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. పక్కనున్న మేరీకి అది వినిపిస్తుందట. వినిపించినప్పుడల్లా నవ్వుతుంది.